చేతికందించిన కథలు

సూరత్ నగరపు ఉత్తర భాగాన, తాపీనదికి దగ్గరగా ఉన్న కతర్‌గామ్‌ను ఒకప్పుడు జనులు చిక్కుడుకాయల ఊరుగా ఎరుగుదురు. శీతకాలంలో గుజరాతీలు ఎంతో ప్రీతితో వండుకొనే ఊంధియూ కూరలో వేసే పాపడీ చిక్కుడు కతర్‌గామ్‌దే అయి ఉండవలెనని పట్టుపట్టే ఇల్లాండ్రు ఈనాటికిని ఉన్నారు. తోటలు చాలవరకు పోయినవి. వాటి చోట వజ్రాల కార్ఖానాలు వెలసినవి. సౌరాష్ట్రనుండి, అందును ముఖ్యంగా అమ్రేలీ, భావనగర్ ప్రాంతాలనుండి వచ్చినవారు ఒక్కొక్క ఘంటీ చుట్టూ నలుగురేసి కూర్చుండి, గిర్రున తిరిగే ఇనుప పళ్ళెంమీద రాతిని ఒత్తి, ఎత్తి, భూతద్దంతో చూచి, మరల ఒత్తుదురు. వీరిని అక్కడ రత్నకళాకారులందురు. ఆ సందులలోనే మరమగ్గాల చప్పుడు కూడ వినిపించును. ఆ మగ్గాలవద్ద పనిచేసేవారిలో తెలంగాణమునుండి తాతలనాడు వలసవచ్చిన తెలుగు నేతకుటుంబాలవారు కొందరున్నారు.

ఆ ఊరిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కాపురమున్నాడు. గుజరాతీ సాహిత్యం బోధించినవాడు. గుజరాత్‌లో ఉపాధ్యాయుని పిల్లలు సాహెబ్ అని పిలుతురు గనుక ఆయనను ఊరంతా సాహెబ్ అనియే పిలుచును. భార్య గతించినది. కుమార్తె వడోదరలో ఉన్నది. ఆయన గదిలో ఒక బీరువా, ఒక మడత కుర్చీ, గోడకు తగిలించిన ఒక గుడ్డసంచి ఉన్నవి. ఎవరైనా చదువదగిన పుస్తకం అడిగిన యెడల ఆయన బీరువాను తెరచును. కాని కొందరు అడుగకుండ నిలబడుదురు. అట్టివారికొరకు ఆ గుడ్డసంచి ఉన్నది.

ఆ సంచి పుట్టుకకు ఒక కారణమున్నది. 1998 నవంబరులో దీపా మెహతా తీసిన 'ఫైర్' అను చిత్రం మనదేశంలో విడుదలయినది. ఢిల్లీలోని ఒక మధ్యతరగతి ఇంటిలో, భర్తల ఆదరణ లేని ఇద్దరు తోడికోడళ్ళు ఒకరియందొకరు అనురక్తలగుట దానిలోని కథ. ఆంగ్ల చిత్రంలో వారి పేర్లు రాధ, సీత. హిందీలోనికి మార్చినప్పుడు సీత నీత అయినది. ఆ ఒక్క అక్షరం మార్చుటతో సంస్కృతికి రక్షణ కలిగినదనుకొన్నవారికి డిసెంబరు మొదటివారంలో సమాధానం దొరికినది. ముంబయిలో, ఢిల్లీలో వలెనే సూరత్‌లో కూడ కర్రలు చేతబట్టిన మనుష్యులు రెండు సినిమా హాళ్ళలో జొరబడి, కనుపించినదెల్ల పగులగొట్టి, ప్రేక్షకులను తరిమివేసినారు. దానితో సూరత్‌లో ఆట ఆగిపోయినది. సెన్సారువారు చిత్రాన్ని మరల పరిశీలించి, 1999 ఫిబ్రవరిలో ఒక్క ముక్కయు కోయకుండ తిరిగి అనుమతించినారు.

సాహెబ్ ఆ ఆదివారపు ఆటకు టిక్కెట్టు కొనియుండెను. కతర్‌గామ్‌లోని ఒక బడిపంతులు అట్టి చిత్రానికి పోవుట ఆనాడు సాహసమే. కాని పోవలసిన అవసరం కలుగలేదు. ఆ మరుసటి సోమవారం పన్నెండవ తరగతిలో వెనుక బల్లనుండి ఒక పిల్లవాడు లేచి, "సాహెబ్, ఆ బొమ్మలో ఏమున్నదని కొట్టినారు?" అని అడిగెను. తరగతి గొల్లుమన్నది. పిల్లవాడు మాత్రం నవ్వలేదు. ఆయన, "మనకు పనికివచ్చేది ఏమియు లేదు. పుస్తకం తెరువు" అన్నాడు. వాడు తెరచినాడు. పరీక్షలైన పిమ్మట వాడు ఊరు విడిచిపోయినాడు. ఎందుకు పోయినాడో ఇంటివారు చెప్పలేదు. సాహెబ్ అడుగలేదు.

ఎనిమిదేండ్లకు, 2006లో, సూరత్‌కు చేరువనే ఉన్న రాజ్‌పీప్లా పూర్వ సంస్థానపు యువరాజు మానవేంద్రసింహ గోహిల్ తాను పురుషులను ప్రేమించేవాడనని ఒక గుజరాతీ దినపత్రికలో బాహాటంగా చెప్పుకొన్నాడు. రాజ్‌పీప్లాలో ఆయన దిష్టిబొమ్మలు తగులబెట్టినారు. కుటుంబం పత్రికలో ప్రకటన వేసి వెలివేసినది. టీ దుకాణంలో ఆ పత్రికను చదివి నవ్వేవారి నడుమ కూర్చున్న సాహెబ్‌కు వెనుక బల్లమీది ముఖం జ్ఞప్తికి వచ్చినది. 2013 అక్టోబరులో సూరత్ వీధులలో ప్రైడ్ ఊరేగింపు నడచినది; గుజరాత్‌లో అటువంటిది అదియే మొదటిదని చెప్పుదురు. ఆయన రోడ్డు ప్రక్కన నిలిచి పోవుచున్న ప్రతి ముఖాన్ని చూచినాడు. వాడు కనుపించలేదు. రెండు నెలలు గడచినవి. ఇట్టి ప్రేమను నేరముగా అప్పట్లో చూచుచుండిన శిక్షాస్మృతి 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించియుండగా, డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. అక్టోబరులో నడచినవారు డిసెంబరునాటికి మరల నేరస్థులైనారు. ఆ నెలలోనే సాహెబ్ గుడ్డసంచిని మేకుకు తగిలించి, దానిలో మొదటి పుస్తకం వేసినాడు.

ఆ మొదటి పుస్తకం రాజస్థానీ కథకుడు విజయదాన్ దేథాది. 1974లో రాజస్థానీ భాషకు మొట్టమొదటగా సాహిత్య అకాడెమీ బహుమానం పొందిన ఈ రచయిత బోరుందా అను పల్లెలో కూర్చుండి జనం నోటి కథలను తిరిగి చెప్పినాడు. వానిలో ఇద్దరు కన్యల కథ ఒకటి ఉన్నది. ఇద్దరు మిత్రులు తమకు కలుగబోయే బిడ్డలకు పెండ్లి చేయుదుమని మాట ఇచ్చుకొందురు. ఇద్దరికిని ఆడపిల్లలే కలుగుదురు. ఒకడు కట్నపు ఆశతో తన కూతురును కొడుకువలె పెంచి, రెండవవాని కూతురితో పెండ్లి చేయును. మొదటి రాత్రి నిజం తెలిసిన పిమ్మట ఆ ఇద్దరు పిల్లలు ఏడువరు, కలిసి బ్రతుకదలతురు. ఊరు ఒప్పుకొనదు గనుక ఊరిబయటి భూతాలను ఆశ్రయింతురు. మనుష్యులు ఇయ్యని నీడ భూతాలు ఇచ్చును.

కథ ఇంతటితో ముగిసిన యెడల అది మనకు క్రొత్త కాదు. భారతం ఉద్యోగపర్వంలోని శిఖండి కథ తెలుగువారికి తిక్కన చెప్పినదే కదా. ద్రుపదుని కూతురు కొడుకుగా పెరుగును. దశార్ణరాజు కూతురును పెండ్లాడును. గుట్టు బయటపడగా అడవికిపోయి యక్షుని పురుషత్వాన్ని ఎరువు తెచ్చుకొనును. గుజరాత్‌లో హిజ్రాలకు ఇలవేల్పయిన బహుచరమాత క్షేత్రంలో కూడ ఇటువంటిదే చెప్పుదురు. కొడుకువేషంలో పెరిగి పెండ్లాడిన రాజకుమార్తె అవమానం భరింపలేక గుర్రమెక్కి పారిపోవును. దారిలోని మడుగులో పడిన ఆడకుక్క మగకుక్కయై లేచును, గుర్రమును అట్లే మారును. అది చూచి ఆమెయు దిగి పురుషుడై ఇల్లు చేరును. పాతకథలన్నిటికిని ఎముక ఒక్కటే. చిక్కు ప్రేమవలన వచ్చినను, విరుగుడు మాత్రం దేహాన్ని మార్చుట. దేహం మారగానే లోకం ఊపిరి పీల్చుకొనును, కథ కంచికి పోవును.

దేథా అక్కడ ఆగలేదు. భూతనాయకుని వరంవలన ఇద్దరిలో ఒకతె పురుషుడగును. అగుటతోడనే గొంతు మారును, నడక మారును. నిన్నటిదాక చెలియైనది నేడు తన సొత్తుగా కనుపించును. ఇల్లు నరకమగును. చివరకు ఆమె పురుషత్వాన్ని తిరిగి ఇచ్చివేసి స్త్రీగానే మిగులును. యక్షుడు ఇచ్చిన వరాన్ని తిరిగి ఇచ్చివేయవచ్చునను ఊహ వేయి సంవత్సరాల కథాసంప్రదాయంలో ఈ పల్లె కథకునికి కలిగినది. ఇది చదివిన నాడు సాహెబ్ తన భార్య బ్రతికియున్న దినాలను తలచుకొని, తన గొంతు ఎట్లుండెడిదో జ్ఞాపకం చేసికొన్నాడట. స్త్రీపురుషుల దాంపత్యంగురించి కూడ ఇంతకంటె పదునైన కథ అరుదు.

సంచిలోనికి క్రమంగా మరికొన్ని చేరినవి. ఇస్మత్ చుగ్తాయీ 1942లో వ్రాసిన 'లిహాఫ్' చేరినది. నవాబు నిర్లక్ష్యం చేసిన బేగం, ఆమె పరిచారిక, గోడపై ఏనుగువలె కదలే దుప్పటినీడ. వీటినన్నిటిని ఒక చిన్నపిల్ల కళ్ళతో చెప్పిన కథ అది. అసభ్యమని లాహోరు కోర్టులో అభియోగం తెచ్చినారు. అసభ్యమైన మాట ఏదో చూపుమనగా సాక్షులు తడబడినారు, అభియోగం వీగిపోయినది. కథ గొప్పదే. అయినను భయంతో వచ్చిన పాఠకునికి ఇంకొక భయాన్ని మొదటనే ఇయ్యరాదని సాహెబ్ దానిని సంచి అడుగున పెట్టినాడు. హిందీలో పాండేయ బేచన్ శర్మ ఉగ్ర వ్రాసి 1927లో పుస్తకంగా తెచ్చిన 'చాకొలేట్' కథలను మాత్రం ఆయన సంచిలోనికి రానీయలేదు. ఆ కథలు ఈ ప్రేమను నిందించుటకు వ్రాసినవి. విచిత్రమేమనగా, నిందించుటకైనను దానిని గురించి వ్రాసినాడని లోకం ఉగ్రమీద విరుచుకుపడినది. తమను తిట్టిన పుటలలోనైనను తమ పేరు కనుపించినదని రహస్యంగా చదివినవారు ఆ కాలంలో ఉండియే ఉందురు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టువారు లేనప్పుడు వాడు ఏది తినునో ఎవరు చెప్పగలరు!

మరాఠీలో సచిన్ కుండల్కర్ నవల 'కోబాల్ట్ బ్లూ'లో ఒకే అతిథిని అన్నయు చెల్లెలును ప్రేమింతురు. కన్నడంలో వసుధేంద్ర 2013లో ప్రకటించిన 'మోహనస్వామి' కథలలో పెద్ద సంఘటనలు తక్కువ. బళ్ళారి సీమనుండి బెంగుళూరు వచ్చిన ఒక ఉద్యోగి వంట వండును, స్నేహితునికొరకు ఎదురుచూచును, వాని పెండ్లిపత్రిక చేతబట్టుకొనును. సాహెబ్ ఈ రెండును ఆంగ్లానువాదాలలోనే చదివినాడు. రెండవదాని కొన్ని పుటల అంచులు మడిచి ఉన్నవి.

గుజరాతీలోనే ఏమున్నదని అడుగుట న్యాయం. 2013లో కె.ఆర్. దేవమణి 'మేఘధనుష్య' అను చిత్రం తీసినాడు. గుజరాతీ చిత్రాలకు సాధారణంగా లభించే వినోదపు పన్ను మినహాయింపును ప్రభుత్వం దానికి నిరాకరించినది. దర్శకుడు హైకోర్టుకెక్కగా, 2014లో తీర్పు ఆయన పక్షాన వచ్చినది. పిమ్మట వివాదం సుప్రీంకోర్టుకు పోయినది. చిత్రం గొప్పదా కాదా అను సంగతి ఈ గొడవలో అడుగువారు లేకపోయిరి. సాహెబ్ అడిగినాడు. అంత గొప్పది కాదని ఆయన అభిప్రాయం. కాని పాత్రలు గుజరాతీలో మాటలాడుట విన్నప్పుడు తన చెవులు నిక్కినవని ఒప్పుకొన్నాడు.

రెండు మూడేండ్ల క్రిందట జూన్ నెలలో, తొలకరి పడిన ఒక సాయంత్రం, ఒక యువకుడు ఆయన గుమ్మంలో నిలబడినాడు. మరమగ్గపు కార్మికుని కొడుకు. తాతది సిరిసిల్ల ప్రాంతం. ఇంట తెలుగు మాటలాడును. గుజరాతీ మాధ్యమంలో చదివినందున తెలుగు లిపి రాదు. పగలు ఒక వజ్రాల వర్తకునివద్ద లెక్కలు వ్రాసి, రాత్రి చదువుకొనేవాడు. చేతిలోని ఫోను చూపించినాడు. 1969 జూన్‌లో న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ అను మధుశాలవద్ద పోలీసులకెదురుతిరిగినవారి జ్ఞాపకంగా ప్రతి జూన్ నెలను ప్రైడ్ మాసంగా జరుపుట, ఆ నెలలో క్వియర్ కథలు చూడుడు, చదువుడని పట్టికలు వెలువడుట ఇప్పుడు ఆచారమైనది. అట్టి పట్టిక ఒకటి ఆ ఫోనులో ఉన్నది.

"సాహెబ్, ఇందులో అరువది పేర్లున్నవి. అన్నిటిలో మంచు కురియుచున్నది" అన్నాడు వాడు. కొంచెంసేపు నిలిచి, "మనవైపువి ఏమైనా ఉన్నవా?" అని అడిగెను. "ఎవరికి?" అని సాహెబ్ అడుగలేదు. ఆ ప్రశ్న నాలుకపై ఆపుకొనుటకు ఆయనకు పాతికేండ్లు పట్టినది. లేచి సంచి దించినాడు.

దేథాను ఇచ్చినాడు. వారానికి వచ్చి, చదివితినన్నాడు కుర్రవాడు. తరువాత చిత్రాలనుగురించి మాటలు నడచినవి. ఒనిర్ తీసిన 'మై బ్రదర్ నిఖిల్' (2005) చూడుమన్నాడు సాహెబ్. అందులో తల్లిదండ్రులు విడిచిపెట్టిన ఈతగానిని అక్క విడిచిపెట్టదు. కుర్రవానికి అక్క ఉన్నది. తెలుగులో 2018లో వచ్చిన 'అ!' చిత్రంలో ఇద్దరు అమ్మాయిలు తల్లిదండ్రుల ఎదుట కూర్చుండి తమ పెండ్లిమాట చెప్పే ఘట్టమున్నదని కుర్రవాడే ఆయనకు చెప్పినాడు. 'బధాయీ దో' (2022) చూచి ఇద్దరును నవ్వినారు; ఇంటివారి నోళ్ళు మూయించుటకు పెండ్లి చేసికొన్న పోలీసు అధికారి, వ్యాయామోపాధ్యాయిని, ఇద్దరికిని వేరు వేరు చోట్ల మనసులున్నవి. నవ్వు ఆగిన పిమ్మట, ఇరువది నాలుగేండ్లకు పెండ్లి కాకపోయిన యెడల ఎదురింటివారు సయితం లెక్కలడిగే వీధిలో తాము కూర్చున్నామని ఇద్దరికిని తోచినది.

ఆ సందర్భంలో సాహెబ్ అన్నిటికంటె మిన్నగా ఎంచినది మలయాళ చిత్రం 'కాతల్'. 2023లో జియో బేబీ దర్శకత్వంలో మమ్ముట్టి నటించినది. ఊరిలో పెద్దమనిషియైన ఒక మాథ్యూ పంచాయతి ఉపఎన్నికకు నిలబడును. అదే సమయంలో ఇరువదేండ్ల కాపురం చేసిన భార్య ఓమన విడాకులు కోరును. ఈ విధమైన చిత్రాలలో తరచుగా భార్య కథకు అడ్డుగోడ మాత్రమే. ఇక్కడ గోడకు నోరు వచ్చినది. ఒకడు సత్యం చెప్పకపోవుటవలన ఇద్దరి బ్రతుకులు ఎండిపోవునని, ఆ రెండవదానికి కూడ లెక్క ఉన్నదని ఈ చిత్రం గుర్తించినది. "పెండ్లికి ఒప్పుకొనుటకు ముందు ఇది చూడు" అన్నాడు సాహెబ్. ఆయన ఇచ్చిన సలహా ఇదొక్కటే.

'అలీగఢ్'ను మాత్రం ఆయన ఎవరికిని సిఫారసు చేయడు. 2010లో తన గదిలోని ఏకాంతం కెమెరాకు చిక్కినందున ఉద్యోగంనుండి సస్పెండు చేయబడి, కోర్టులో గెలిచి, కొద్దిదినాలకే మరణించిన మరాఠీ ఆచార్యుడు, కవి రామచంద్ర సిరాస్ కథ అది. హన్సల్ మెహతా చిత్రంలో ఆ వృద్ధుడు రాత్రివేళ ఒంటరిగా కూర్చుండి లతా మంగేష్కర్ పాట వినును. ఆ ఘట్టం సాహెబ్ మూడుమార్లు చూచినాడు. నాలుగవమారు చూడవలెనని లేదన్నాడు.

సంచిలో ఒక పుస్తకం ఆయన చదువనిది, చదువలేనిది ఉన్నది. 2019వ సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద బహుమానాల పట్టికలో గుజరాతీ పంక్తికొరకు వెదకుచుండగా తెలుగు పంక్తి ఆయన కంటబడినది. తమిళనాటి హిజ్రా రచయిత్రి ఎ. రేవతి తన జీవితాన్ని చెప్పుకొనగా 2010లో ఆంగ్లంలో వెలువడిన గ్రంథాన్ని పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ' పేర తెలుగు చేసినది. ఆంగ్ల గ్రంథానికి 'నన్ను గురించిన నిజం' అని అర్థం వచ్చే పేరున్నది. సూరత్‌లో పుట్టిన కవి నర్మద్ 1866లో వ్రాసిన గుజరాతీ భాషలోని మొదటి ఆత్మకథకు 'మారీ హకీకత్', అనగా నా నిజం, అని పేరు. దానిని కొలది ప్రతులు మాత్రమే అచ్చువేయించి ఆత్మీయులకిచ్చినాడు. లోకానికి దొరకినది 1933లో. నిజం వ్రాసినవాడు కూడ దానిని ఎవరికిచ్చుటయా అని తటపటాయించినాడన్నమాట. నలుబదేండ్లు నర్మద్‌ను పాఠం చెప్పిన సాహెబ్ ఆ రెండు పేర్లను ప్రక్కప్రక్కన చూచి, ఎవరికి ఇయ్యవలెనో తెలియకుండనే, తెలుగు పుస్తకాన్ని హైదరాబాదునుండి తపాలాలో తెప్పించినాడు.

దానిని ఇప్పుడు కుర్రవానికి ఇచ్చినాడు. "నాకు చదువ రాదు సాహెబ్" అన్నాడు వాడు. పుటలు త్రిప్పి, మూసి, "అమ్మకు వచ్చును" అన్నాడు. ఆమె నగరపాలక సంస్థవారి తెలుగు బడిలో చదువుకొన్నది. ఆ మాట తరువాత ఇద్దరును చాలసేపు ఊరకున్నారు. పుస్తకం తల్లి చేతికిచ్చుటకును, మాట తల్లి చెవిని వేయుటకును భేదమెంతో ఇద్దరికిని తెలియును.

వాడు దానిని పత్రిక కాగితంలో చుట్టి బట్టల పెట్టె అడుగున నాలుగు నెలలు దాచినాడు. దీపావళికి కార్ఖానాలు మూతపడి, సౌరాష్ట్రవారు ఊళ్ళకు పోయి, కతర్‌గామ్ సగం ఖాళీ అయినప్పుడు తల్లి ఇల్లు దులిపినది. పుస్తకం దొరికినది. ఆమె ఏమియు అనలేదు. మగ్గాలు ఆగిన ఆ మధ్యాహ్నాలలో గడప దగ్గర కూర్చుండి, వ్రేలు అక్షరాలవెంట నడిపిస్తూ చదువసాగినది. బడి విడిచిన పిమ్మట ఆమె చదివిన మొదటి పెద్ద పుస్తకం అది. రేవతి చిన్ననాడే ఇల్లు విడిచి ఢిల్లీ పోవుటయు, అన్నలచేత దెబ్బలు తినుటయు, మరల మరల తల్లి గడపకే తిరిగివచ్చుటయు అందులో ఉన్నవి. నాలుగవనాడు ఆమె తలయెత్తి కొడుకును అడిగినది:

"నువ్వు గూడ గిట్లనే ఇల్లిడిసి పోతవా బిడ్డా?"

"నాది అది గాదమ్మా, వేరే" అన్నాడు వాడు. ఏది వేరో ఆ దినం చెప్పలేకపోయినాడు. చెప్పవలసినవానికి ఇంటిలో వాడే తెలుగుమాట లేదు. పుస్తకాలలోని మాట తల్లికి తెలియదు. ఆమె వినగోరినది కూడ ఆ భేదం కాదు. "పోతవా?" అని మరల అడిగినది. పోనన్నాడు.

ఈ సంగతి వాడు చెప్పగా సాహెబ్ కుర్చీనుండి లేచి కిటికీవద్దకు పోయినాడు. కుర్రవానికి ఇచ్చుటకు తగిన పుస్తకం అది కాదేమో, వాని బ్రతుకు వేరు, రేవతి బ్రతుకు వేరు అని ఆయన శంకించియుండెను. శంక నిజమే. ప్రశ్న మాత్రం రావలసినచోటినుండియే వచ్చినది. 1998లో వెనుక బల్లమీది పిల్లవానిని ఆ ప్రశ్న అడిగినవారెవ్వరును లేరు.

సెలవులు ముగిసి ఘంటీలు మరల తిరిగినవి. సంక్రాంతి దినాలలో కుర్రవాడు ఒక డబ్బా నిండ సకినాలు తెచ్చి బల్లమీద పెట్టినాడు. పుస్తకం తేలేదు. అమ్మ దానిని రెండవమారు చదువుచున్నదట, వచ్చేనెల ఇచ్చునట, తెలుగులో ఇంకొకటి ఉన్నదేమో సాహెబ్‌ను అడిగి రమ్మన్నదట. సాహెబ్ సంచిని దించి బల్లమీద బోర్లించినాడు. హిందీ, మరాఠీ, ఆంగ్లం, గుజరాతీ. ఒక్కొక్కటి తీసి ప్రక్కన పెట్టి, చివరకు ఖాళీ సంచిని దులిపి, హైదరాబాదుకు ఉత్తరం వ్రాయుటకు కాగితం వెదకినాడు.